హుఫూఫ్ హరాజులో నిమ్మకాయలు

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ కూలర్ పక్కన ఉన్నవాళ్లు దాన్ని కాస్త తగ్గించండి, చెప్పేవాడికి ఉన్నది ఒకటే గొంతు. ఇంటికి ఫోన్లు చేసుకుంటున్నవాళ్లు "మళ్లీ చేస్తా" అని పెట్టేయండి. అవతల ఉన్నామె ఎలాగూ నమ్మదు. చాయ్ జుర్రకుండా తాగండి. ఇది దేవన్న బండి కొన్న కథ. ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా చెప్పేవాడి నోట్లో ఖర్జూరం గింజ మొలకెత్తుగాక!

లెవీ పెరిగిన ఏడాది అది. సౌదీలోని అల్ హసాలో ఆ ఏటి ఎండ ఎలాంటిదంటే, రోడ్డు మీద కోడిగుడ్డు పెడితే ఉడికేది కాదు, పిల్లై బయటికొచ్చి నీడకు పరిగెత్తేది. అంత ఎండలో కూడా కంపెనీల యజమానులు వణికిపోయారు. నితాఖాత్ అలాంటిది మరి. కంపెనీలో సౌదీవాళ్లు తగినంత మంది ఉంటే గ్రీన్, లేకపోతే రెడ్. రెడ్‌లో పడితే పనివాళ్ల ఇకామాలు, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. దానికి తోడు పరాయి దేశపువాడి తల తలకీ యజమాని సర్కారుకు కట్టే పన్ను, అదే లెవీ. మనిషి మీద తల కంటే తల మీద లెవీయే బరువైపోయింది.

దేవన్న అక్కడి హుఫూఫ్ పట్నంలో ఒక చిన్న కంపెనీలో కోల్డ్ రూముల మెకానిక్. మెట్‌పల్లి దగ్గరివాడు. మనిషి బక్కపలచన, మీసం మాత్రం ఇద్దరికి సరిపోతుంది. ఆ కంపెనీ రెడ్‌లో పడింది. యజమాని ముందు పికప్పులు అమ్ముకున్నాడు, తర్వాత ఆఫీసు కుర్చీలు అమ్ముకున్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. దేవన్న ఇకామా గడువు దగ్గరపడింది. అది దాటితే ఖురూజే, అంటే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి ఇంటికి పంపేయడమే.

అయితే ఒక సందు ఉంది. రెడ్‌లో పడ్డ కంపెనీ నుంచి, పాత కఫీల్, అంటే వీసా పూచీ ఉన్న యజమాని, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కొత్త కఫీల్ దగ్గరికి మారిపోవచ్చు. దేవన్న ఆ సందులోంచి దూరి అబూ సాలెహ్ ముందు నిలబడ్డాడు. అబూ సాలెహ్‌కు తోటల చుట్టూ ఖర్జూరం కోల్డ్ స్టోరేజీలున్నాయి. ఒకటైతే ఏకంగా ఎడారి అంచున ఉంది. ఆయన కంపెనీ గ్రీన్.

"ఒక్కణ్నే తీసుకుంటా" అన్నాడు అబూ సాలెహ్ అరబ్బీలో. "మెకానిక్కుకో లెవీ, డ్రైవరుకో లెవీ కట్టడానికి నాకేం పిచ్చి లేదు. నీ బండి నువ్వే తెచ్చుకో. పెట్రోలు నాది. కంప్రెసర్ ఆగిందని ఫోన్ వస్తే, ఖర్జూరానికి చెమట పట్టేలోపు నువ్వక్కడ ఉండాలి. గురువారం పొద్దున బండితో రా. బండి దారిలో ఆగిందనుకో, నువ్వూ అక్కడే ఆగిపో. నా దాకా రావద్దు."

గదికి వచ్చి చెప్పాడు దేవన్న. గదిలో పెద్దమనిషి నన్నే సాహెబ్. నిజామాబాదాయన, పాత కంపెనీలో ఫోర్‌మన్. తన ఇకామా ముందే వేరే చోటికి మార్చుకున్నాడు కాబట్టి ఆయన దగ్గర సలహాలకు కొదవ లేదు.

"నా సాలా దగ్గర డాట్సన్ పికప్ ఉన్నది, తీస్కో దేవన్నా. ఇస్త్రీ చేసిన అంగీ లెక్క ఉన్నది బండి."

"నేను చూసిన సాబ్ దాన్ని. అది తోసేటందుకే ఇంకిద్దరికి లెవీ కట్టాలె."

గదిలో అందరూ నవ్వారు. నన్నే సాహెబ్ నవ్వలేదు.

"మరేం కొంటవ్? కరోలానా? నీ పైసలకు కరోలా డోరొస్తది. సంకల పెట్టుకొని తిరుగు."

"పొట్టి బండి కొంట సాబ్. హ్యాచ్‌బ్యాక్. ఎనక తలుపు మీదికి లేస్తది, నా సిలిండర్లు, సామాను పడ్తయి. ఇంజన్ మాత్రం పెద్దదుండాలె. గేరు బండి గావాలె."

"తోబా! అది షబాబ్ పోరగాండ్లు రోడ్ల మీద గిర్రున తిప్పే బండి. నీ ముఖానికి అదా?"

"ముఖంతోని నడుపుతనా సాబ్? కాలుతోని నడుపుత. ఈ దేశంల గేరు బండి ఎవడడుగుతడు? అందరికి పెద్ద బండి గావాలె, ఆటోమేటిక్ గావాలె. అందుకే అగ్గువకు దొరుకుతది."

"దారిల ఆగితే?"

"ఆగితే ఖురూజ్. నీ సాలా బండిల మెల్లగ పోతే గూడ ఖురూజే. ఎట్లయినా గదే అయితే, ఉరికే సూత్త."

దేవన్నకు లైసెన్సు ఉంది. కానీ కంపెనీ పికప్ ఎప్పుడూ నన్నే సాహెబ్ బావమరిదే నడిపేవాడు. దేవన్న ఏళ్ల తరబడి వెనక గ్యాస్ సిలిండర్ల మధ్య కూర్చుని, వచ్చే రోడ్డును కాకుండా పోయే రోడ్డునే చూశాడు. రియాద్ ఎటుందని అడిగితే వెనక్కి వేలు చూపించేంతగా అలవాటైపోయింది. ఇంక ముందు కూర్చోవాలని మనసులో గట్టిగా అనుకున్నాడు.

ఆ సాయంత్రం పెళ్లాం ముత్యవ్వకు ఫోన్ చేశాడు. ఆమె అన్నీ విని ఒకటే మాట చెప్పింది. "నువ్వు ఏ బండన్న కొనుక్కో. గని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కియ్యందే లోపల కాలు పెట్టకు. నా మీద ఒట్టు."

ఊళ్లో అయితే బండి కొన్నాక, గుడి ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కిస్తారు. దేవన్న ఆలోచించాడు. హరాజులో బండి కొనాలంటే ముందు ఎక్కి చూడాలి. కాలు పెట్టకముందే నిమ్మకాయ అంటే, కొనకముందే నిమ్మకాయ. ఒట్టు ఒట్టే కదా! పొద్దున్నే బజారులో హసా నిమ్మకాయలు, పచ్చగా నిగనిగలాడేవి, ప్యాంటు జేబుల నిండా పోసుకున్నాడు. నడుస్తుంటే రెండు తొడలకూ కణుతులు లేచినట్టు కనిపించాడు.

హరాజ్ అంటే పాత బండ్ల వేలం. తెల్లారగానే వెళ్లాడు దేవన్న. ఎందుకంటే ఎండెక్కాక ప్రతి బానెట్టూ పెనంలాగే ఉంటుంది. అమ్మేవాడు ముందే ఇంజన్ వేడి చేసి దాని దగ్గు దాచాడో లేదో చెయ్యిపెట్టి తెలుసుకోలేం. వెంట నన్నే సాహెబ్ కూడా వచ్చాడు, సాయానికి కాదు, తమాషా చూడటానికి.

అక్కడి పద్ధతి ఏమిటంటే, బండ్లన్నీ వరుసలో నిలబడి ఒక్కొక్కటిగా మెల్లగా దళారి అరుగు ముందు నుంచి కదులుతాయి. ముసలి దళారి మైకు పట్టుకుని ప్రతి బండికీ ఒకటే మంత్రం చదువుతాడు: "సుక్కర్ ఫీ మోయా! సుక్కర్ ఫీ మోయా!" నీళ్లలో చక్కెర అన్నమాట. కొన్నవాడు కరిగిపోయిందని ఏడవకూడదు, వెనక్కి ఇస్తాననకూడదు.

వరుసలో ఒక పసుపు బండి ఉంది. ఏం బండి! వెనక రెక్క, పొడుగు పొగగొట్టం, పక్కన నల్ల చారలు. గేరు బండే. నిలబడి ఉన్నా పరిగెత్తుతున్నట్టే ఉంది. దేవన్న గుండె సిలిండరులో గ్యాస్ నింపినప్పటిలా బుస్సుమంది. ఆయిల్ మూత తీసి చూశాడు, శుభ్రం. ఏసీ చప్పుడు విన్నాడు, బాగుంది. గళ్ల చొక్కా వేసుకున్న వ్యాపారి దాని స్టీరింగు ముందు కూర్చుని "కొత్తది, కొత్తది, ఒక టీచరమ్మ నడిపింది" అన్నాడు. ఆ దేశంలో ఆడవాళ్లకు లైసెన్సులు ఇంకా పూర్తిగా రానేలేదు, ఆ టీచరమ్మ ఎక్కడ నడిపిందో దేవుడికే తెలియాలి.

బండి కదిలే వేళకు దేవన్న గబుక్కున వంగి ముందు చక్రాల ముందర చెరొక నిమ్మకాయ పెట్టాడు. బండి వాటిని పచక్కుమని నలిపి ముందుకు పోయింది. వ్యాపారి అద్దంలోంచి చూశాడు. బ్రేకు వేసి, దిగి, చేతులెత్తి ఒకటే అరుపు.

"సిహ్ర్! మంత్రం! వీడు నా బండికి చేతబడి చేస్తున్నాడు!"

హరాజంతా ఒక్కసారి ఇటు తిరిగింది. మైకు కూడా కీచుమని ఆగిపోయింది. ఆ దేశంలో ఆ మాట చిన్న మాట కాదు. పోలీసులు వస్తే ఖురూజ్ కంటే ముందు ఇంకేవేవో జరుగుతాయి. నన్నే సాహెబ్ ఎంత మెత్తగా వెనక్కి జరిగాడంటే, చెప్పులు అక్కడే ఉన్నాయి, మనిషి మాత్రం జనం అవతల ఉన్నాడు.

 దేవన్నకు జేబుల్లో నిమ్మకాయలు బాంబుల్లా అనిపించాయి. పారిపోదామా అనుకున్నాడు. పారిపోతే గురువారం లేదు, బండి లేదు, మళ్లీ సిలిండర్ల మధ్య కూర్చునే చోటు కూడా లేదు. మీసం మీద చెయ్యి వేసుకుని, తనకొచ్చిన అరబ్బీ మొత్తం పోగుచేసి అరిచాడు.

"చేతబడి కాదు! ఫహస్! ఇది మా ఊరి ఫహస్!"

ఫహస్ అంటే బండికి ఏటేటా సర్కారు చేయించే పరీక్ష. ఆ మాట వినగానే జనం ముందుకు జరిగారు. ముసలి దళారి అరుగు దిగి వచ్చాడు. వంగి నేల చూశాడు. మళ్లీ వంగి చూశాడు. ముందు చక్రం నలిపిన నిమ్మకాయ ఒకచోట ఉంది. వెనక చక్రం అదే దారిన రావాలి కదా? రాలేదు. దాని జాడ జానెడు పక్కన దుమ్ములో పోయింది.

"వల్లా!" అన్నాడు దళారి మైకులో. "ముందు కాళ్లు రియాద్ పోతుంటే వెనక కాళ్లు దమ్మాం పోతున్నాయి. ఇది బండి కాదు, పీత!"

దెబ్బ తగిలి చట్రం వంకరపోయిన బండికి పైన పసుపు రంగు పూశారన్నమాట. జనం గొల్లుమన్నారు. గళ్ల చొక్కా వ్యాపారి బండెక్కి వెళ్లబోతే అది గేటుకు కాకుండా గోడకు పోయింది.

దేవన్నకు మాత్రం నవ్వు రాలేదు. పసుపు బండి వెళ్తుంటే పెళ్లికూతురు వేరే ఇంటికి వెళ్తున్నట్టు చూశాడు. నన్నే సాహెబ్ జనంలోంచి బయటపడి, చెప్పుల్లోకి కాళ్లు దూర్చి, "చూసినవా? అందుకే మా సాలా డాట్సన్..." అన్నాడు.

"ఆ డాట్సన్ గూడ లైన్లనే ఉన్నది గద సాబ్. తోలమను మీ సాలాను. నిమ్మకాయలు ఇంకున్నయి."

"అరె, ఇంట్లోని బండికి ఫహస్ ఎందుకు..."

"తోలమను!"

డాట్సన్ కదిలింది. ముందు చక్రం నిమ్మకాయను నలిపింది. వెనక చక్రం నిమ్మకాయకు అంత దూరంగా పోయి, దారిలో నిలబడ్డ నన్నే సాహెబ్ చెప్పు కొసను తొక్కింది. దళారి తల గోక్కుని మైకులో "తర్వాతది" అన్నాడు.

ఆ తర్వాత ఇక చూడాలి. ప్రతివాడూ నిమ్మకాయ కావాలన్నాడు. "యా హిందీ, ఓ ఇండియావాడా, నాకొక ఫహస్!" "నా లారీకి రెండు ఫహస్‌లు!" మధ్యాహ్నానికి హుఫూఫ్‌లో నిమ్మకాయ అన్నది దొరక్క, హోటళ్లలో చేపల కూరలోకి చింతపండు పిసికారని చెప్పుకుంటారు.

వరుస చివర ఒక బూడిద రంగు పొట్టి బండి ఉంది. అసలు రంగేదో ఎండకే తెలియాలి. దాని పక్కన కళ్లజోడు పెట్టుకున్న కుర్రాడు నిలబడి ఉన్నాడు. పేరు అనురాగ్, కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు. భార్యకూ పిల్లకూ లెవీ కట్టలేక వాళ్లను పంపేశాడు, తనూ ఇంక వెళ్లిపోతున్నాడు.

"మంచి బండేనండీ" అన్నాడు దేవన్నతో. "జపాన్‌దండి, టర్బో గట్రా లేదు, పెద్ద ఇంజనే. ఆయిల్ ఎప్పుడూ నేనే దగ్గరుండి మార్పించానండి. అబద్ధమెందుకు, రెండు లోపాలున్నాయి. పక్క సీటు కిటికీ దిగదండి. ఎండలో బాగా తొక్కితే టెంపరేచర్ ముల్లు లేస్తదండి. అప్పుడు ఏసీ ఆపేసి హీటర్ పెట్టారనుకోండి, ఇంజను వేడి లోపలికి లాగేస్తది, ముల్లు దిగిపోద్ది. మనమే కాస్త ఉడుకుతాం."

"లోపం చెప్పి అమ్మెటోన్ని ఈ దేశంల నిన్నే చూసిన సారూ" అన్నాడు దేవన్న. చివరి రెండు నిమ్మకాయలు తీసి పెట్టాడు. బండి కదిలింది. ముందు చక్రం నలిపింది, వెనక చక్రం సరిగ్గా దాని మీదుగానే మళ్లీ నలిపింది. గింజలు కూడా రెండు ముక్కలయ్యాయి.

"మాషాఅల్లా!" అని జనం మీద పడ్డారు. దళారి పాట మొదలుపెట్టాడు. ధర నిచ్చెన ఎక్కినట్టు ఎక్కింది. దేవన్న చేతిలోని రియాళ్లు కింది మెట్టు మీదే ఉండిపోయాయి. తన నిమ్మకాయే తన మెడకు చుట్టుకుందనుకున్నాడు. సరిగ్గా అప్పుడు, అందరికంటే ఎక్కువ పాడినాయన తలుపు తీసి లోపలికి చూశాడు.

"ఇదేమిటి, గేరు కర్రా?"

"గేరు బండేనండి" అన్నాడు అనురాగ్.

"మరి నా ఎడమ కాలు?"

"దానికీ పనుంటదండి."

ఆయన తలుపు వేసేశాడు. పక్కాయన తొంగిచూసి వెళ్లిపోయాడు. చూస్తుండగానే జనం పలచబడ్డారు. చివరికి అరుగు ముందు మిగిలింది దేవన్న, అతని మీసం.

"సుక్కర్ ఫీ మోయా!" అన్నాడు దళారి.

"కరగనియ్యి" అన్నాడు దేవన్న. "తాగుత."

గురువారం పొద్దున నన్నే సాహెబ్ పక్క సీటులో ఎక్కి కూర్చున్నాడు. "ఆగిపోయినంక నిన్ను తోలుకొచ్చేటందుకు ఒకడుండాలె గదా" అన్నాడు. అబూ సాలెహ్ తన పెద్ద జీఎంసీ బండి పక్కన నిలబడి ఆ బండిని పైనుంచి కిందికి చూశాడు. చూడటానికి పెద్దగా టైం పట్టలేదు.

"ఇది బండా, చెప్పా?"

"చెప్పే షేక్. కాలికి సరిగ్గ పట్టింది."

అబూ సాలెహ్ పళ్లు కొరుక్కుంటుండగానే ఫోన్ మోగింది. ఎడారి అంచు స్టోరేజీలో కంప్రెసర్ ఆగిపోయింది. ఖర్జూరం మొత్తం లోపలే ఉంది. "పద" అని ఆయన జీఎంసీ ఎక్కాడు. దేవన్న అప్పటికే మొదటి గేరు వేశాడు.

ఆ పరుగు సంగతి ఏం చెప్పాలి! బండి ఎంత జోరుగా పోయిందంటే, దాని నీడ కొంతదూరం వెంటపడి, రొప్పి, ఆగిపోయి, వెనకాల వస్తున్న గడ్డి లారీని లిఫ్ట్ అడిగి వచ్చింది. దేవన్న మీసం రెండు కొసలూ చెవుల వెనక్కి పోయి ముడిపడ్డాయి. వచ్చే రోడ్డు వస్తూనే ఉంది, వస్తూనే ఉంది, అతనికి కడుపు నిండినట్టుంది.

సగం దారిలో ముల్లు లేచింది. దేవన్న ఏసీ ఆపేసి హీటర్ తిప్పాడు.

"అరె పాగల్!" అని అరిచాడు నన్నే సాహెబ్. "ఈ ఎండల హీటరా? మందిని సంపుతవా?"

"ఇంజను సల్లగుండాలె సాబ్. మనది నడుస్తది."

"నడవది! కిటికీ దించు!"

"మీ దిక్కుది దిగది."

"బండి ఆపు!"

"ఆపితే నేను ఇంటికి పోవుడే. ఆప!"

నన్నే సాహెబ్ కలిమా చదువుకున్నాడు. ఆయన ఎంత ఉడికాడంటే, అంగీ జేబులోని బియ్యపు గింజ బిర్యానీ అయి వాసన కొట్టింది. కానీ ముల్లు దిగింది. దిగి, మధ్యలో నిలబడి, మళ్లీ కదల్లేదు.

ముందు రోడ్డు మీద గాలికి ఇసుక మేట వేసింది. వెనక జీఎంసీ బారెడు దూరంలోకి వచ్చేసింది. దేవన్న రెండో గేరులోకి దించి, కాలు తీయకుండా, తేలిక బండి కదా, ఇసుక మీద దోసె తిప్పినట్టు దాటించేశాడు. జీఎంసీ దాని వెంటే వచ్చి, పొట్ట ఆనించి, గేదె బురదలో కూర్చున్నట్టు హాయిగా కూర్చుంది.

స్టోరేజీ దగ్గర దేవన్న వెనక తలుపు పైకెత్తాడు, సామాను తీశాడు. కంప్రెసర్‌కు కరెంటు అందించే కాంటాక్టర్ స్విచ్చు మాడిపోయి ఉంది. కొత్తది బిగించాడు. కంప్రెసర్ గుర్రుమంది. అబూ సాలెహ్ ఇసుక తవ్వించుకుని వచ్చేసరికి లోపల ఎంత చల్లగా ఉందంటే, ఆయన తిట్టబోయిన తిట్టు నోటి దగ్గరే గడ్డకట్టి కింద పడి పగిలింది. ఒక ఖర్జూరం తీసి విరిచాడు. చెమట లేదు. నమిలాడు. బయటికొచ్చి ఆ బూడిద బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నీ బదులు నీ చెప్పునే తీసుకుందామనిపిస్తోంది" అన్నాడు.

"ఇద్దరం కలిసే వస్తం షేక్. లెవీ మాత్రం ఒక్కటే."

"ఇకామా ఇటు తే."

దేవన్న ఇచ్చాడు. అబూ సాలెహ్ అక్కడే ఫోన్ చేసి కఫీల్ మార్పు కాగితాలు పెట్టమని ఆఫీసుకు చెప్పాడు. హీటరు సీటులోంచి అప్పుడే ఊడిపడిన నన్నే సాహెబ్, నీళ్ల ట్యాంకు కింద తల పెట్టుకుని, "ఈ బండే కొనుమని నేనే జెప్పిన" అని అందరికీ వినపడేలా అంటున్నాడు. దేవన్న విననట్టే డ్రైవరు సీటులో కూర్చుని, కాళ్లు బయటికి చాపి, మీసం ముడి విప్పుకుంటున్నాడు.

ఇంతసేపూ గేటు బార్లా తెరిచే ఉంది. దుమ్మంతా లోపలికి కొడుతోంది. గేటు పట్టుకుని నిలబడ్డవాడు అబ్దుల్ ఘనీ. ఆదిలాబాదువాడు, బురైదా దిక్కున చిరకాలం గొర్రెలూ ఒంటెలూ కాసి ఈ మధ్యే కాపలా పనిలో చేరాడు. అబూ సాలెహ్ "గేటు ముయ్యవేం?" అని కేకేస్తే, వాడు కదలకుండా రోడ్డు వైపే చూస్తూ దేవన్నను అడిగాడు:

"పిల్ల బండి ముందుగాల వచ్చే, దాని ఎనక తల్లి బండి వచ్చే. తండ్రి బండి ఎంత దూరంల ఉన్నదన్నా?"